దిబ్బ మీద చివరి పొయ్యి

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు విజయనగరంలో మా ఇంటికి వచ్చారు. డ్రోన్లు లేని రోజుల్లో పాత దిబ్బలను ఎలా కొలిచేవారో చెప్పమన్నారు. టేపు, లెవెలింగు యంత్రం, ఎండ, వంగిపోయిన నడుము అన్నాను. నవ్వారు, టీ తాగారు, నా కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళు గేటు దాటాక అనిపించింది, అడిగినదానికి జవాబు చెప్పాను గానీ చెప్పవలసింది చెప్పలేదని. అది వాళ్ళ కోసమే ఇక్కడ రాస్తున్నాను.

నేను సర్వేయర్ని. మా శాఖలో తవ్వేవాళ్ళు వేరు, శాసనాలు చదివేవాళ్ళు వేరు. నేల ఎక్కడ ఎంత ఎత్తుందో, ఎక్కడ ఎంత పల్లముందో కొలిచి కాయితం మీద గీత గీయడం వరకే నా పని. పేపర్లో ఫొటో పడే పని కాదు. దాని గురించి నాకు పెద్ద బెంగా లేదు.

కోటబొమ్మాళి స్టేషన్లో దిగి, ఆటోలో రోడ్డు మీది పెద్ద ఊరి దాకా వెళ్ళి, అక్కడి నుంచి పొలం గట్లు పట్టుకుని నడిస్తే వస్తుంది ఆ దిబ్బ. రోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టరు ఆ దిబ్బ మట్టి కావాలని అర్జీ పెట్టుకున్నాడు. అది పాత ఊరని, మట్టి తియ్యనివ్వకూడదని మా అసిస్టెంట్ డైరెక్టరు గారి పట్టుదల. ఆయన్ని ఏడీ గారు అనేవాళ్ళం. మంచి మనిషి, కాస్త ఉపన్యాసాల పిచ్చి. ఊరు ఊరంతా నక్షా గీసి చూపిస్తే తప్ప పైవాళ్ళు నమ్మరని నన్ను పంపించారు.

మొదటి రోజు మధ్యాహ్నం చూస్తే అక్కడ ఏమీ లేదు. వరి మళ్ళ మధ్య కాస్త మెరక, నాలుగు తాడిచెట్లు, తుమ్మపొదలు, ఒకే ఒక తాటాకు ఇల్లు. ఏడీ గారికి మతి పోయిందనుకున్నాను. పొద్దు వాలి నీడలు సాగడం మొదలయ్యాక ఊరు పైకి తేలింది. మనుషులూ బళ్ళూ తరతరాలుగా నడిచి గుంటపడిన వీధులు కనబడ్డాయి. వాటికి అటూ ఇటూ చుట్టిళ్ళు నిలిచిన చోట గుండ్రటి గట్లు, వరసకి వరస. ఒక పక్క గోడలకు మట్టి తీసిన పెద్ద గొయ్యి, ఊరి చుట్టూ అరిగి అరిగి మోకాలెత్తుకు దిగిపోయిన మట్టికట్ట. పెంకుముక్కలను బట్టి, పొదల్లో పడి ఉన్న చెక్కుడు రాళ్ళను బట్టి ఇది కళింగాన్నేలిన గాంగ రాజుల కాలం నాటి ఊరని, అప్పట్లో చాలా పెద్దదని ఏడీ గారు తేల్చారు. పిల్లలూ, దిబ్బను చూడాలంటే పొద్దున్న చూడండి, సాయంత్రం చూడండి. నడినెత్తిన ఎండలో ఏ ఊరూ తనని తాను చూపించుకోదు.

అంత పెద్ద ఊరు ఒక్కరోజులో పోలేదు. కరువొచ్చినప్పుడు కొందరు, రైలొచ్చాక కొందరు, రోడ్డు పడ్డాక చాలామంది కదిలిపోయారు. ఊరు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చింది. నేను వెళ్ళడానికి కొన్నాళ్ళ ముందొచ్చిన పెద్ద తుఫానుకు మిగిలిన ఐదు కప్పులూ ఎగిరిపోతే నాలుగు కుటుంబాలు రోడ్డు మీది ఊరికి పోయి కాలనీ ఇళ్ళల్లో చేరాయి. ఒకావిడ మాత్రం మళ్ళీ తాటాకు కప్పించుకుని అక్కడే ఉండిపోయింది.

"ఎవుల్రా ఆ గుంటల్లో తిరగతన్నాది? పాములుంటాయి, సూసుకో" అని కేక వినబడింది.

"సర్వే చేస్తున్నామమ్మా" అన్నాను.

"అమ్మేటి? నీ తల నాకన్నా తెల్లగున్నాది. అప్పా అను."

మా వైపు అక్కను అప్ప అంటారు. అలా ఆవిడ నాకు అప్ప అయింది, నేను తమ్ముణ్ణయ్యాను. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, నౌపడ దగ్గర ఉప్పుమళ్ళలో పని. వచ్చి తనతో ఉండమని కూతురు ఏటా పిలుస్తుంది, ఈవిడ ఏటా పోనంటుంది. అది ముసలితనపు మొండితనం కింద జమకట్టేశాను. ఎండాకాలం ముదిరాక గానీ అసలు సంగతి తెలియలేదు.

మా జిల్లాల్లో వ్యవసాయం తెలిసినవాళ్ళకు పాటిమన్ను సంగతి చెప్పనక్కరలేదు. మనుషులు వదిలేసి పోయిన ఊరి మట్టి అది. తరాల తరబడి బూడిద, పేడ, చెత్త కలిసి నల్లగా, బలంగా ఉంటుంది. వానలకు ముందు దాన్ని తోలుకుపోయి మళ్ళల్లో చల్లుకుంటారు. ఎన్నో పాత ఊళ్ళు మా శాఖ కంట పడకముందే అలా వరిచేలల్లో కలిసిపోయాయి. రైతును ఏమనగలం, చచ్చిన ఊరు బతికినవాళ్ళకు అన్నం పెడుతోంది.

కానీ దానికొక కట్టుబాటు ఉంది. పొగ లేస్తున్న ఊరి మీద పార వెయ్యరు. ఊళ్ళో ఒక్క పొయ్యి రాజుతున్నా అది బతికున్న ఊరే. బయటి గోతిలో ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు, దిబ్బ మీదికి మాత్రం ఎక్కకూడదు.

ఒక తెల్లవారుజామున ఈ కట్టుబాటును నా కళ్ళతో చూశాను. రోడ్డు మీది ఊరి నుంచి ట్రాక్టర్లు వచ్చి దిబ్బ కింద ఆగాయి. ముందు ట్రాక్టరు మీద ఒక రైతు పెద్ద. బనీను, మెడలో తువ్వాలు, ఊరంతటికీ వినబడే గొంతు. దిగకుండానే కేకేశాడు.

"పిన్నీ, పొయ్యి ముట్టించినావేటి?"

"ముట్టించినాను. పొగ నీ కంట్లో పడనేదేటి?"

"ఇంకెన్నాళ్ళు ముట్టిస్తావే?"

"నువ్వు పోయినదాకా ముట్టిస్తాను."

ట్రాక్టర్లలో వాళ్ళంతా నవ్వారు, అతనూ నవ్వాడు. బండ్లు చుట్టు తిరిగి గోతిలోకి దిగాయి. ఆ మాటలు ఏటా ఇలాగే జరుగుతాయట. నాకప్పుడు అర్థమైంది. కూతురి దగ్గరికి పోతే ఆ ఎండాకాలమే దిబ్బ మొత్తం పోతుందని ఆవిడకు తెలుసు. మేము జీపులేసుకుని ఫైళ్ళు పట్టుకుని కాపాడాలని తిరుగుతున్న ఊరిని ఆవిడ రెండు కట్టెపుల్లలతో కాపాడుతోంది.

ఒకసారి నన్ను అడిగింది, "మీ ఇంట్లో పొయ్యి ఎవులు ముట్టిస్తారు తమ్ముడూ?"

"ఎవరూ లేరప్పా. మా ఆవిడ పోయింది. మెస్సులో తింటాను."

"అయితే నీ ఇంటి మీద పార ఎయ్యొచ్చు" అంది.

నవ్వేశాను. ఆ సాయంత్రం లాడ్జికి తిరిగి వెళ్తుంటే ఆ మాట నిజంగానే గుచ్చుకుంది. నెలలుగా నేను ఇంటికి పోవడం లేదు. సెలవు దొరికినా ఏదో ఒక పని కల్పించుకుని కోటబొమ్మాళిలోనే ఉండిపోయేవాణ్ణి. ఇంట్లో వంటింటి తలుపు తియ్యడం నాకిష్టం లేకపోయింది. దాని సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఇక మా పొరపాటు. నక్షాతో పాటు పైనుంచి ఫొటోలు కూడా ఉండాలని ఏడీ గారు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే డ్రోన్ వాణ్ణి పిలిపించారు, మా శాఖకు అప్పటికి డ్రోన్లు లేవు. పై నుంచి గుండ్రటి గట్లు స్పష్టంగా కనబడాలని నేనూ మా జీపు డ్రైవరూ ఆ గట్ల వెంబడి, వీధుల వెంబడి సున్నం గీతలు పోశాం. డ్రైవరు పాములంటే హడలిపోయే మనిషి, ఆ ఒక్కరోజే ధైర్యం చేసి దిబ్బ ఎక్కాడు. సాయంత్రానికి ఊరు తెల్లగా, ముచ్చటగా తేలింది. మా పనితనానికి మేమే మురిసిపోయాం.

మర్నాడు పొద్దున్నకి దిబ్బ నిండా జనం. సర్కారు ఇళ్ళ స్థలాలకు సున్నం పోసిందని రోడ్డు మీది ఊళ్ళో పాకిపోయింది. మా జిల్లాల్లో సర్కారోళ్ళు నేల మీద సున్నం పోస్తే దానికి ఇంకో అర్థం లేదు. ఆ మాట మాకు తట్టకపోవడమే వింత. ఒక్కో కుటుంబం ఒక్కో గుండ్రం లోపల నిలబడిపోయింది. ఒకావిడ చంకలో పిల్లతో సహా వచ్చి చాప పరిచేసింది.

"ఇది మా తాతది. ఇక్కడే మా నాయన పుట్టినాడు."

"మీ తాతది ఆ కొసాన కదరా, ఇది మాదే. సింతచెట్టు మానుందా నేదా, సూడు."

ఏడీ గారు జీపెక్కి నిలబడి, ఇవి స్థలాలు కావని, ఎన్నో వందల ఏళ్ళ నాటి ఇళ్ళ ఆనవాళ్ళని ఉపన్యాసం మొదలుపెట్టారు. జనం శ్రద్ధగా విన్నారు. చివర్లో రైతు పెద్ద అడిగాడు, "మరయితే మా ఇళ్ళే గదండి. మాకే ఇచ్చీండి." ఏడీ గారు జీపు మీంచి దిగిపోయారు. ఆ గుండ్రాల్లో నిలబడినవాళ్ళలో సగం మంది తమ తాతల ఇళ్ళు ఎక్కడున్నాయో నిజంగానే ఎరుగుదురు. ఎండెక్కాక ఒక్కొక్కరే దిగిపోయారు. పిల్లలు సున్నం కాళ్ళతో తొక్కుకుంటూ పోయారు.

ఆ గోల తాలూకు కబురు రెవెన్యూ ఆఫీసు దాకా వెళ్ళింది. రక్షిత స్థలంగా ప్రకటించాలంటే లోపల ఒక్క ఇల్లు కూడా ఉండకూడదని, ఒక్కళ్ళుంటే పదిమంది హక్కుకొస్తారని వాళ్ళు తేల్చి చెప్పేశారు. అప్పకు రోడ్డు మీద ఇల్లిస్తామన్నారు. ఏడీ గారు ఆవిడ వాకిట్లో కూర్చుని చాలా మర్యాదగా, చాలాసేపు చెప్పారు.

"మరి పొయ్యి ఎవులు ముట్టిస్తారు బాబూ?" అందావిడ.

"ఇక దానితో పని లేదమ్మా. ప్రభుత్వం వారి బోర్డు పెడతాం. ఎవరూ పార వెయ్యలేరు."

"బోర్డుకి పొగొస్తాదేటి?"

ఏడీ గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, బోర్డు వచ్చినదాకా నువ్వు ముట్టించు. మాటివ్వు, ఎల్లిపోతాను."

ఇచ్చాను. అలాగైతే కాలనీ ఇల్లూ వద్దు, కూతురి దగ్గరికే పోతానంది. మా డ్రైవరు ఆవిణ్ణి, ఆవిడ కుండలను, రెండు కోళ్ళను జీపులో నౌపడ తీసుకుపోయాడు. జీపు కదిలేటప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. పొయ్యిలో కట్టె ఎలా పెట్టాలో మాత్రం మూడోసారి చెప్పింది.

అప్పటి నుంచి ఆ తాటాకు ఇంట్లో నేనే ఉన్నాను. సర్వే మిగిలి ఉందని ఆఫీసుకు రాశాను. అబద్ధం కాదు, దిబ్బ కొలవడం ఎప్పటికీ మిగిలే ఉంటుంది. పొద్దున్నే లేచి పొయ్యి ఊదేవాణ్ణి. కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో మసి. పొగ కప్పులోంచి పైకి పోవడం చూసి అన్నం పడేసేవాణ్ణి. కొన్నాళ్ళు ఉడికీ ఉడకనట్టు, కొన్నాళ్ళు మాడ్చి.

ఒంటరితనం నాకు కొత్త కాదనుకున్నాను. ఇంట్లో ఉండేది వేరు. అక్కడ పక్కింటి టీవీ వినబడుతుంది, వీధిలో కూరల బండి అరుస్తుంది. ఇక్కడ పొద్దస్తమానం తాటాకుల చప్పుడు, ఎప్పుడో ఒకసారి రైలు కూత. సాయంత్రం నీడలు సాగి వీధులన్నీ తేలేవి. ఇన్ని వాకిళ్ళున్న ఊళ్ళో ఒక్క గడపలో కూడా మనిషి లేడు. నేను ఆ గుంట వీధుల్లో అటూ ఇటూ నడిచేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఒక వాకిలి ముందు ఆగి పలకరించబోయి తమాయించుకున్నాను. మా ఆవిడ గుర్తొచ్చి ఏడ్చినది కూడా అక్కడే, ఆవిడ పోయిన ఇంట్లో కాదు. దిబ్బ మీద ఏడిస్తే అడిగేవాళ్ళు లేరు.

ట్రాక్టర్లు మళ్ళీ వచ్చాయి. రైతు పెద్ద అలవాటు చొప్పున కేకెయ్యబోయి నన్ను చూసి ఆగాడు.

"మీరా బాబూ? పొయ్యి ముట్టించినారా?"

"ముట్టించాను."

అతను పొగ వంక చూశాడు. బండి తిప్పుకుని గోతిలోకి దిగాడు. ఆ రోజు నా అన్నం మాడలేదు.

కొద్ది రోజులకే అసలు గండం వచ్చింది. ఇంకా వానలు పడలేదు. ముసలమ్మ ఖాళీ చేసిందని ఎవరో చెప్పినట్టున్నారు, కాంట్రాక్టరు అనుమతి రాకుండానే యంత్రాన్ని పంపించేశాడు. తూరుపు వైపు నుంచి పసుపుపచ్చ పొక్లెయిన్ దిబ్బ ఎక్కుతోంది. పరిగెత్తాను. తోలేవాడు ఎక్కడో ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. నా గుర్తింపు కార్డు చూపించాను, వాడు తన ఫోను చూపించాడు. నాకొచ్చిన హిందీలో పొగ చూడు అన్నాను. చూశాడు. వాడికి అది పొగ మాత్రమే. తొట్టి కిందికి దిగింది, మట్టికట్ట అంచు ఒక్క పట్టుకి ఊడి వచ్చింది.

ఏడీ గారికి ఫోను కలవలేదు. ఇంకేం చెయ్యాలో తోచక ఇంట్లోకి పరిగెత్తి ఉన్న పిడకలన్నీ పొయ్యిలో కుక్కి, పచ్చి తాటాకులు తెచ్చి పైన వేశాను. పొగ నల్లగా, దట్టంగా ఇంటిని మూసేసి పైకి లేచింది. చేతులు కాలాయి. ఊదుతూనే ఉన్నాను. ఆ పొగ చూసి ఎవరైనా వస్తారని లెక్కేమీ వేసుకోలేదు. అప్పకు మాటిచ్చాను గనక ఊదాను, అంతే.

మళ్ళల్లో పనిలో ఉన్నవాళ్ళు చూశారు. పారలతో, తువ్వాళ్ళతో గట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ళందరికీ ఆ మట్టి కావాలి, ఏటా అడుగుతూనే ఉన్నారు. ముందుగా వచ్చింది రైతు పెద్దే. యంత్రం మీదికి ఎక్కి తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు.

"కళ్ళు కనపడతన్నాయా నేదా నీకు? ఊళ్ళో పొయ్యి రాజుతన్నాది."

వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరి ముఖాలూ చూసి దిగిపోయాడు.

జనం చల్లబడ్డాక కోసిన చోటికి వెళ్ళి చూశాను. మట్టికట్టకు లోపలి వైపు, ఇళ్ళు నిలిచిన చోట నిలువుగా కోత పడింది. అందులో చారలు. బూడిద పొర, కింద ఎర్రగా కాలిన మట్టి, దాని కింద మళ్ళీ బూడిద, మళ్ళీ ఎర్రమట్టి. పొయ్యి కింద పొయ్యి, దాని కింద ఇంకో పొయ్యి, కోత అందినంత లోతుకు. ఒకే చోట, ఒక ఇల్లు పడిపోతే దాని మీదే ఇంకో ఇల్లు కట్టుకుని, వండుకుంటూ పోయారు. రైతు పెద్ద నా పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. "ఇన్ని పొయ్యిలే" అన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నా నక్షాకు కదలని ఫైలు ఆ కోత ఫొటోలకు కదిలింది. ఏడీ గారు వాటిని పట్టుకుని స్వయంగా ఆఫీసుల చుట్టూ తిరిగారు. వానలు పడేసరికి ఉత్తర్వు వచ్చింది. కంచె, నీలం బోర్డు, అన్నీ. ఉత్తర్వులో మిగతా వాటితో పాటు ఇదీ ఉంది. ఆవరణలో ఎవరూ నివసించరాదు, నిప్పు వెలిగించరాదు.

ఏడీ గారు సంతోషంగా నా భుజం తట్టారు. "మీ వల్లే. ఇక ఆ ఇల్లు తీయించేద్దాం" అన్నారు. సరే సార్ అన్నాను. నిజంగానే మేం గెలిచాం. ఉద్యోగం మొత్తంలో ఒక ఊరిని నిలబెట్టామని చెప్పుకోదగ్గది అదొక్కటే.

చివరి పూట అన్నం వండుకున్నాను. తిన్నాక పొయ్యిలో కట్టెలు ఒకదానికొకటి దూరం జరిపి నీళ్ళు చల్లాను. బుస్సుమంది. తడి బూడిద వాసన ఇల్లంతా నిండింది. తర్వాత ఆ పొయ్యిని ఎర్రమట్టితో అలికాను, అప్ప రోజూ అలికేది గనక. బయటికొచ్చి చూస్తే కప్పు మీద ఏమీ లేదు, ఖాళీ ఆకాశం. ఆ ఊరు పుట్టినప్పటి నుంచి అలా ఉండి ఉండదు.

ఆ సాయంత్రమే నౌపడ వెళ్ళాను. కూతురు ఉప్పుమళ్ళ నుంచి ఇంకా రాలేదు. అప్ప గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల గ్యాసు స్టవ్వు, దాని మీద పాలగిన్నె.

"దిబ్బ నిలబడిందప్పా. కంచె వేశారు, బోర్డు పెట్టారు. ఇక ఎవరూ ముట్టుకోలేరు."

"రైతోళ్ళు?"

"వాళ్ళే ఆపారు."

తలూపింది. తెల్లటి ఉప్పుకుప్పల వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ అడగకపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో.

"పొయ్యి ఎవులు ఆర్పినారు?"

"నేనే అప్పా."

ఆవిడ నా కాలిన చేతులను తన ఒళ్ళోకి లాక్కుని, తిప్పి తిప్పి చూసింది.

"పోన్లే" అంది. "పరాయోడు ఆర్పనేదు. ఊరోడే ఆర్పినాడు."

రాత్రికి విజయనగరం చేరి వంటింటి తలుపు తీశాను. బూజు దులిపి స్టవ్వు వెలిగించాను. అప్పటి నుంచి నా వంట నేనే వండుకుంటున్నాను, ఇప్పటికీ అప్పుడప్పుడు మాడుస్తాను. మొన్న పిల్లలకు ఇచ్చిన టీ కూడా నేను పెట్టిందే.

అప్ప కిందటేడు పోయింది. కూతురు ఫోను చేసి చెప్పింది. ఆ దిబ్బను పొయ్యి ముట్టించి కాపాడినవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కణ్ణే.